అడగండి, చెబుతాం: ఆటల దారి మళ్ళించిన ఆటలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత వీడియో గేమ్‌ల గురించే. ఏది గొప్పది, ఎందుకు గొప్పది, లోపల ఎలా పనిచేస్తుంది, ఇప్పుడు ఆడాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మొదటి వీడియో గేమ్ ‘పాంగ్’ అని కొందరు, ‘స్పేస్‌వార్’ అని కొందరు, అంతకంటే ముందే ‘టెన్నిస్ ఫర్ టూ’ ఉందని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం? వీటిలో ఎక్కువ ప్రభావం దేనిది?

ముందు పుట్టడం వేరు, దారి వెయ్యడం వేరు. రెండూ కలిపేస్తేనే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ ఆసిలోస్కోప్ (విద్యుత్ తరంగాలను చూపించే పరికరం) తెర మీద టెన్నిస్ ఆడించారు. అది సందర్శకుల కోసం పెట్టిన ఏర్పాటు. పని అయ్యాక విప్పేశారు. కాలం లెక్కన అది ముందుంది, కానీ ఆ తీగ అక్కడితో ఆగిపోయింది. 1962లో ఎంఐటీ విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద రాసిన స్పేస్‌వార్ సంగతి వేరు. రెండు నౌకలు, మధ్యలో తన వైపు లాగేసే ఒక నక్షత్రం. ఆ ప్రోగ్రాం ఒక పీడీపీ-1 నుంచి ఇంకోదానికి పాకింది. దాని స్ఫూర్తితోనే నోలన్ బుష్‌నెల్, టెడ్ డాబ్నీ 1971లో నాణెం వేసి ఆడే ‘కంప్యూటర్ స్పేస్’ తెచ్చారు. 1972లో రాల్ఫ్ బేర్ రూపకల్పన చేసిన మ్యాగ్నవాక్స్ కంపెనీ వారి, టీవీకి తగిలించి ఆడే ఆడిసీ యంత్రంలో టేబుల్ టెన్నిస్ ఆటను బుష్‌నెల్ చూశారు. అదే ఏడాది ఆయన కంపెనీ అటారీలో అలన్ ఆల్‌కార్న్ చేతుల మీదుగా పాంగ్ వచ్చింది. ఈ పోలిక మీద మ్యాగ్నవాక్స్ కోర్టుకెక్కింది, 1976లో రాజీ కుదిరింది.

పాంగ్‌లో చూడాల్సింది బ్యాట్. కంటికి ఒకే గీతలా కనిపించినా అది లోపల ఎనిమిది ముక్కలు. నడిమి ముక్కకు తగిలితే బంతి తిన్నగా వెళ్తుంది, అంచుకు తగిలితే ఏటవాలుగా దూసుకుపోతుంది. దెబ్బలు పెరిగే కొద్దీ వేగం కూడా పెరుగుతుంది. బ్యాట్ తెర పైఅంచు దాకా వెళ్ళదు. అది సర్క్యూట్‌లో వచ్చిన లోపం. ఆల్‌కార్న్ దాన్ని కావాలనే ఉంచేశారు, ఎందుకంటే ఆ సందు లేకపోతే ఇద్దరు మంచి ఆటగాళ్ళ మధ్య పాయింటు ఎప్పటికీ తేలదు.

ప్రభావానికి మేం పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆ ఆటలోని ఏ ఏర్పాటును తర్వాతివాళ్ళు అందిపుచ్చుకున్నారు? ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయన్నది ఆ తర్వాతి మాట. కింది జవాబులన్నీ ఆ కొలతతో చదవండి.

ప్రశ్న: ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు తగ్గే కొద్దీ వేగం పెరుగుతుంది. అది మెషీన్ లోపమని మా స్నేహితుడు పందెం కాశాడు. నిజమేనా? 300 పాయింట్ల చిట్కా ఏదో ఉందంటారు, అది కూడా చెప్పండి.

పందెం సగం మీది, సగం ఆయనది.

1978లో టైటో కంపెనీ కోసం తొమోహిరో నిషికాడో చేసిన ఈ ఆటలో తెర మీద 11 చొప్పున 5 వరసలు, మొత్తం 55 గ్రహాంతరవాసులు ఉంటాయి. లోపలున్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్. దానికి అన్నిటినీ ఒకేసారి కదిపే శక్తి లేదు. అందుకని ఒక్కో ఫ్రేమ్‌లో, అంటే సెకనులో అరవయ్యో వంతులో, ఒక్కదాన్ని మాత్రమే కదుపుతుంది. 55 బతికి ఉన్నప్పుడు దండు మొత్తం ఒక అడుగు వెయ్యడానికి 55 ఫ్రేమ్‌లు, దాదాపు ఒక సెకను పడుతుంది. 10 మిగిలితే 10 ఫ్రేమ్‌లు చాలు. చివరిది ఒక్కటే ఉంటే ప్రతి ఫ్రేమ్‌లోనూ కదులుతుంది, అందుకే అది పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. పుట్టుక మెషీన్ పరిమితిలోనే. అయితే నిషికాడో దాన్ని సరిచెయ్యకుండా ఆటగా మార్చుకున్నారు. నాలుగు స్వరాల నేపథ్య ధ్వని కూడా దండుతో పాటే వేగం పుంజుకుంటుంది. ఆడేవాడి గుండె దడను ఆటే నడిపించడం అక్కడ మొదలైంది. ఆట ముదిరే కొద్దీ కష్టం పెరగడం తర్వాత ప్రతి ఆటకూ రివాజైపోయింది.

ఇక చిట్కా. పైన అడ్డంగా వెళ్ళే నౌకకు వచ్చే పాయింట్లు చూడ్డానికి అదృష్టంలా ఉంటాయి గానీ అసలు లెక్క మీరు కాల్చిన గుళ్ళ మీద ఉంది. మొదటి నుంచి 22 గుళ్ళు లెక్కపెట్టండి, 23వ గుండుతో నౌకను కొడితే 300. ఆ తర్వాత ప్రతి 15వ గుండుకూ 300. తప్పిన గుండు కూడా లెక్కలోకి వస్తుంది. చాలామంది తగిలినవే లెక్కపెట్టి పొరబడతారు. నౌక రాకముందే లెక్క 22కు చేరితే కాల్చడం ఆపి ఆగాలి. మీ గుండు తెర మీద ఒక్కసారికి ఒక్కటే ఉంటుంది కాబట్టి తప్పిన గుండు పైకి వెళ్ళేదాకా మీ చేతులు కట్టేసినట్టే. దూరం నుంచి తొందరపడి కాల్చకండి.

ఇంకో మాట. చివరి నిలువు వరసలను ముందు ఖాళీ చెయ్యండి. దండు వెడల్పు తగ్గితే అంచును తాకడానికి ఎక్కువ దూరం నడవాలి, అంచు తాకితేనే అది ఒక మెట్టు కిందికి దిగుతుంది. మధ్యలోంచి తొలుచుకుంటూ పోతే వేగం పెరుగుతుందే తప్ప దిగడం ఆలస్యం కాదు.

ప్రశ్న: ‘ప్యాక్‌మ్యాన్’లో నాలుగు దయ్యాలూ ఎటు పడితే అటు తిరుగుతాయా, లేక ఏదైనా పద్ధతి ఉందా? నేను మూడో దశ దాటలేకపోతున్నాను.

పద్ధతి ఉంది, ఈ ఆట గొప్పతనమంతా అందులోనే. నామ్‌కో కంపెనీలో తోరు ఇవతాని 1980లో తెచ్చిన ఈ ఆటలో దయ్యాలు నాలుగూ నాలుగు స్వభావాలు. జపాన్ మెషీన్లలో వాటి పేర్ల అర్థాలే చెబుతాయి: వెంటపడేది, కాపు కాసేది, చపలబుద్ధి, ఏమీ ఎరగనట్టు తిరిగేది. శత్రువుకు ఒక బుద్ధి ఇచ్చి, దాన్ని గమనించి గెలవమని ఆటగాడికి వదిలేసే తీరు ఈ ఆటతోనే స్థిరపడింది.

ప్యాక్‌మ్యాన్ చుక్కలు తింటూ తిరిగే చిక్కుదారిని చిన్న చిన్న గళ్ళుగా ఊహించుకోండి. ప్రతి దయ్యం ఒక గడిని లక్ష్యంగా పెట్టుకుని, దారి చీలిన చోట ఆ గడికి సూటి దూరం తక్కువున్న వైపు తిరుగుతుంది. ఎర్ర దయ్యం బ్లింకీ లక్ష్యం మీరున్న గడి. గులాబీ రంగు పింకీ మీ మొహం ఎటుంటే అటు నాలుగు గళ్ళ ముందుకు గురిపెడుతుంది. మీరు పైకి చూస్తుంటే మాత్రం ప్రోగ్రాంలోని ఒక పొరపాటు వల్ల నాలుగు పైకి, నాలుగు ఎడమకు గురి పోతుంది. నీలి రంగు ఇంకీ మీ ముందు రెండో గడిని చూసి, బ్లింకీ నుంచి అక్కడికి గీసిన గీతను అంతే దూరం ముందుకు పొడిగిస్తుంది. అందుకే బ్లింకీ దూరంగా ఉన్నంతసేపూ ఇంకీ ఏం చేస్తుందో అంతుపట్టదు. నారింజ రంగు క్లైడ్ ఎనిమిది గళ్ళకు మించి దూరముంటే మీ మీదికొస్తుంది, దగ్గరపడగానే కింద ఎడమ మూలకు వెళ్ళిపోతుంది.

అవి ఎప్పుడూ వేటాడవు. మొదటి దశలో 7 సెకన్లు తమ తమ మూలలకు పోతాయి, 20 సెకన్లు వేట, మళ్ళీ 7, మళ్ళీ 20, తర్వాత 5, 20, 5. ఆపైన ఇక వేటే. వేట మొదలైనప్పుడో ఆగినప్పుడో నాలుగూ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. ఆ తిరుగుడు కనిపిస్తే కాలం మారిందని అర్థం.

దీన్నిబట్టి ఏం చెయ్యాలో చూడండి. పింకీ ఎదురొస్తే పారిపోవద్దు, దాని వైపే నడవండి. దగ్గరపడ్డాక మీ ముందున్న నాలుగో గడి దాని వీపు వెనక పడుతుంది, మధ్యలో దారి చీలితే అది పక్కకు తప్పుకుంటుంది. చీలిక లేని సందులో మాత్రం ఇది చెయ్యకండి, దానికి వెనక్కి తిరిగే వీలులేదు కాబట్టి మిమ్మల్ని తగిలి తీరుతుంది. ప్రాణం మీదికొస్తే పక్క సొరంగంలోకి దూరండి, అక్కడ దయ్యాల వేగం దాదాపు సగానికి పడిపోతుంది, మీది తగ్గదు. మలుపుకు చేరాక కాదు, ఒక క్షణం ముందే జాయ్‌స్టిక్ తిప్పి ఉంచండి. ప్యాక్‌మ్యాన్ మూలను కోసుకుంటూ తిరుగుతాడు, దయ్యాలకు ఆ వెసులుబాటు లేదు, ఒక్కో మలుపుకూ మీరు కొంచెం ముందుకు జరుగుతారు. చుక్క తిన్నప్పుడల్లా ప్యాక్‌మ్యాన్ ఒక ఫ్రేమ్ ఆగుతాడు. కాబట్టి తరుముతుంటే చుక్కలు లేని దారి పట్టండి. మూడో దశలో ఎక్కువమంది పోయేది ఇక్కడే: దయ్యం వెనకుండగా నిండు వరసలోకి దూరుతారు.

పెద్ద చుక్క తింటే దయ్యాలు భయపడతాయి, అప్పుడు వాటినే తినొచ్చు. వరసగా తిన్న దయ్యాల విలువ 200, 400, 800, 1600. నాలుగూ దగ్గరికి చేరేదాకా పెద్ద చుక్క పక్కనే ఆగి చూడండి. మొదటి దశలో వాటి భయం 6 సెకన్లే.

256వ దశ దాటాలన్న ఆశ పెట్టుకోకండి. దశల లెక్క ఒకే బైట్‌లో, అంటే 0 నుంచి 255 దాకా అంకెలు మాత్రమే పట్టే చోట ఉంటుంది. అక్కడ అది నిండి సున్నాకు తిరిగి, కింద దశకు గుర్తుగా పండ్లు గీసే భాగం అదుపు తప్పి తెర కుడి సగాన్ని అక్షరాల చెత్తతో నింపేస్తుంది. దశ పూర్తికి కావలసిన 244 చుక్కలు అందులో దొరకవు.

ప్రశ్న: గెంతుతూ, దూకుతూ ముందుకు సాగే చిన్న ఆట ఒకటి తయారుచేస్తున్నాను. ‘సూపర్ మారియో బ్రదర్స్’ చూసి నేర్చుకోమన్నారు. ఏం చూడాలి?

మొదటి ముప్పై సెకన్లు చూడండి. 1985లో షిగేరు మియామోతో, తకాషి తెజుకా చేసిన ఈ ఆటలో ఎక్కడా పాఠం లేదు, సూచన లేదు. మారియో తెర ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత ప్రశ్నార్థకం ఉన్న పెట్టె, ఎదురుగా నడిచొచ్చే గూంబా అనే చిన్న శత్రువు. తెలియక దాన్ని తగిలితే ఆట మొదలై ఐదు సెకన్లే కాబట్టి పెద్దగా పోయేదేం లేదు, వెంటనే మళ్ళీ అక్కడే మొదలు. దూకితే దాన్నైనా తొక్కుతాడు, పెట్టెనైనా కొడతాడు. ఏది జరిగినా ఒక సంగతి తెలుస్తుంది. ఇటుకల వరసలోని పెట్టెలోంచి పుట్టగొడుగు బయటికొచ్చి కుడికి జారి, గొట్టానికి తగిలి మారియో వైపే వెనక్కి వస్తుంది. శత్రువేమోనని భయపడి ఎగిరినా పైనున్న ఇటుకలు తలకు తగిలి కిందికే వస్తాడు. పుట్టగొడుగు తగులుతుంది, మారియో పెద్దవాడవుతాడు. మంచిదని అప్పుడు తెలుస్తుంది. ఇదే దశ చివర్లో రెండు మెట్ల దిబ్బల మధ్య నేల ఉంటుంది, అక్కడ తప్పినా ఏం కాదు. కాస్త ముందుకెళ్తే అలాంటి దిబ్బల మధ్యే నిజమైన గొయ్యి ఉంటుంది.

మీ ఆటకు పనికొచ్చే లెక్క ఇది. ఒక్కో కొత్త సంగతిని ముందు ప్రమాదం లేని చోట చూపించండి, తర్వాత ప్రమాదంతో, ఆ తర్వాత ఇంకోదానితో కలిపి పెట్టండి. మొదటి దశను అన్నిటికంటే చివర్లో తయారుచెయ్యండి. మీ ఆటలో ఏమేం ఉన్నాయో అప్పటికి గానీ మీకే తెలియదు.

దూకుడు విషయంలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. బటన్ నొక్కగానే ఎప్పుడూ ఒకే ఎత్తు ఎగిరేలా రాస్తారు. మారియోలో బటన్ పట్టుకున్నంతసేపూ పైకి వెళ్ళేటప్పుడు గురుత్వాకర్షణ తక్కువ, వదలగానే ఎక్కువ. అందుకే తట్టితే చిన్న దూకుడు, పట్టుకుంటే పెద్దది. గాల్లో కూడా కొంత మళ్ళించుకోవచ్చు. పరిగెడుతూ ఎగిరితే ఇంకా ఎత్తు. ఇవి పెట్టాక కూడా “నేను నొక్కాను, అది ఎగరలేదు” అని ఆడేవాళ్ళు ఫిర్యాదు చేస్తే రెండు సర్దుబాట్లు చెయ్యండి: అంచు దాటాక 5, 6 ఫ్రేమ్‌ల దాకా దూకనివ్వండి, నేల తాకడానికి అంతే ముందు నొక్కిన బటన్‌ను గుర్తుపెట్టుకుని తాకగానే ఎగిరించండి. ఫిర్యాదుల్లో సింహభాగం వీటితోనే పోతాయి.

ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులోని మేఘం, పొద ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. బొమ్మలు తక్కువున్నాయని దిగులుపడకండి.

ప్రశ్న: పాత ‘జెల్డా’ కార్ట్రిడ్జ్‌లో ఆట సేవ్ కావడం లేదు. బాగుచెయ్యవచ్చా?

చెయ్యవచ్చు. 1986లో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ 1987లో అమెరికాకు కార్ట్రిడ్జ్ రూపంలో వచ్చినప్పుడు లోపల చిన్న బ్యాటరీ పెట్టారు. అంతకు ముందు సంకేతపదాలు కాగితం మీద రాసుకునేవాళ్ళు, లేదా ప్రతిసారీ మొదటి నుంచి ఆడేవాళ్ళు. ఒక్క కూర్చోవడంలో అయిపోని, రోజుల తరబడి సాగే కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే యంత్రం) ఆటలకు ఆ బ్యాటరీ దారి తెరిచింది.

అది సీఆర్2032 రకం, 3 వోల్టులు. కన్సోల్ ఆపాక మెమరీ చిప్ ప్రాణం నిలిపేది అదే. మల్టీమీటర్‌తో కొలిచి 2.5 వోల్టుల కంటే తక్కువుంటే మార్చాల్సిందే. బ్యాటరీ తీస్తే పాత సేవ్‌లు పోతాయి, వాటి మీద మమకారముంటే కార్ట్రిడ్జ్ రీడర్‌తో ముందే కంప్యూటర్‌లోకి దించుకోండి.

విప్పడానికి చాలా కార్ట్రిడ్జ్‌లకు 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ బిట్ కావాలి. బ్యాటరీ రెండు రేకులతో బోర్డుకు టంకం వేసి ఉంటుంది. ప్లస్ ఎటు, మైనస్ ఎటు ఉన్నాయో ఫోటో తీసుకున్నాకే టంకం కరిగించి తియ్యండి. కొత్తది రేకులు అతికించి అమ్మే రకమే కొనండి. మామూలు బిళ్ళ బ్యాటరీ మీద నేరుగా టంకం వెయ్యకండి, వేడికి అది ఉబ్బి పగలవచ్చు. బోర్డు అంచునున్న రాగి పళ్ళను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. నోటితో ఊదే అలవాటు మానండి, ఊపిరిలోని తేమకు ఆ పళ్ళు కిలుం పడతాయి.

ఇక పరీక్ష. కొత్త పేరు నమోదుచేసి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆపండి. ఈ ఆటకు ఆ పద్ధతి తప్పనిసరి, లేకపోతే కరెంటు పోయే క్షణంలో మెమరీలో చెత్త రాసుకుపోతుంది. పది నిమిషాలాగి చూడండి. పేరు లేకపోతే ముందు ప్లస్ మైనస్‌లు, తర్వాత సరిగా కరగని టంకం అనుమానించండి. బ్యాటరీ బాగానే ఉండి సేవ్‌లు అప్పుడప్పుడూ చెరిగిపోతుంటే తప్పు రీసెట్ పట్టుకోకపోవడంలోనే ఉంటుంది.

ప్రశ్న: ‘టెట్రిస్’లో పొడుగు ముక్క కోసం ఎదురుచూస్తూ ఓడిపోతుంటాను. ఏం చెయ్యాలి?

ఆడుతున్న రూపం ఏదో ముందు చూసుకోండి. ఇటీవలి రూపాల్లో ఏడు ముక్కలనూ ఒక సంచిలో వేసి కలిపినట్టు ఇస్తారు, కాబట్టి రెండు పొడుగు ముక్కల మధ్య 12 ముక్కలకు మించి రావు. ఎదురుచూడవచ్చు. పాత కన్సోల్ రూపాల్లో అలాంటి హామీ లేదు. కట్టడం సగం ఎత్తు దాటితే పొడుగు ముక్క మీద ఆశ వదిలి ఒకటి రెండు వరసలైనా తీసేసి కిందికి దిగండి. మొదటి వేగంలో ఒక వరసకు 40, నాలుగు కలిపి తీస్తే 1200. ఆ తేడాయే ఆశ పెడుతుంది.

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దీన్ని రాసిన ఎలక్ట్రానికా 60 మీద బొమ్మలు గీసే వీలే లేదు, ముక్కలను బ్రాకెట్ గుర్తులతో కట్టారు. కథ, బొమ్మ, శత్రువు ఏదీ లేకుండా ఆట నిలబడుతుందని ఇది చూపించింది. 1989లో అమెరికాలో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్‌తో కలిపి ఇచ్చాక పెద్దవాళ్ళ చేతుల్లోకీ వెళ్ళింది.

ప్రశ్న: ‘డూమ్’ నిజమైన త్రీడీ కాదంటారు, ఎందుకు? అభిమానులు చేసిన మ్యాప్‌లు దించుకున్నాను, ఒక్కటీ తెరుచుకోవడం లేదు.

డూమ్ మ్యాప్ అంటే పైనుంచి చూసిన ఇంటి ప్లాన్. ప్రతి భాగానికీ ఒక నేల ఎత్తు, ఒక పైకప్పు ఎత్తు మాత్రమే ఉంటాయి. అందుకే గది మీద గది ఉండదు. గోడలన్నిటినీ ముందే ముక్కలుచేసి ఒక చెట్టులా పేర్చి ఉంచుతారు, దాంతో ఏది ముందు, ఏది వెనక అన్నది ఆడేటప్పుడు చకచకా తేలిపోతుంది. 1993 నాటి కంప్యూటర్లలో అంత వేగం రావడానికి దీని ప్రోగ్రాం రాసిన జాన్ కార్మాక్ వాడిన ఈ కిటుకే కారణం.

మా ఉద్దేశంలో దీని అసలు ప్రభావం బొమ్మల్లో లేదు, పంచిపెట్టిన తీరులో ఉంది. మొదటి భాగంలోని 9 మ్యాప్‌లను ఉచితంగా ఇచ్చారు. మ్యాప్‌లు, బొమ్మలు, శబ్దాలన్నీ ‘వ్యాడ్’ అనే విడి ఫైల్‌లో పెట్టారు, ఎవరైనా తమది రాసి తగిలించుకోవచ్చు. 1997లో ప్రోగ్రాం మూలాన్నే బయటపెట్టారు. ఆడేవాళ్ళే ఆట తయారుచెయ్యడం ఇక్కడ ఊపందుకుంది. తర్వాత ‘హాఫ్‌లైఫ్’ అనే ఆట మీద ‘కౌంటర్‌స్ట్రైక్’ పుట్టింది అలాంటి చేతుల్లోంచే.

మీ ఇబ్బందికి రెండు కారణాలుండవచ్చు. ఉచిత రూపం అసలు వ్యాడ్‌తో బయటి మ్యాప్‌లను తెరవబోతే ప్రోగ్రామే ఒప్పుకోదు, పూర్తి రూపం కొనుక్కోవాలి. పూర్తిది ఉంటే మ్యాప్ ఏ ఆటకు చేసిందో చూడండి. మొదటి డూమ్‌లో మ్యాప్ పేర్లు ‘ఇ1ఎం1’ తరహా, రెండో డూమ్‌లో ‘మ్యాప్01’ తరహా. రెండోదానికి చేసిన ఫైల్‌ను మొదటిదానికి తగిలిస్తే తప్పేమీ చూపించకుండా పాత మ్యాప్‌లే తెరుచుకుంటాయి, కొత్తవి పనిచెయ్యలేదనిపిస్తుంది. ఫైల్‌తో పాటు వచ్చే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో ఏ ఆటకో రాసి ఉంటుంది, ముందు అది తెరిచి చదవండి.

ప్రశ్న: ‘మైన్‌క్రాఫ్ట్’లో స్నేహితురాలిచ్చిన సీడ్ అంకె వేస్తే నాకు వేరే ప్రపంచం వచ్చింది. ఎందుకు?

ఇద్దరి వెర్షన్లు వేరై ఉంటాయి. సీడ్ అనేది విత్తనం మాత్రమే. దాన్నుంచి కొండలు, నదులు మొలిపించే సూత్రం ప్రోగ్రాంలో ఉంటుంది. 2021లో 1.18 వచ్చినప్పుడు ఆ సూత్రాన్ని బాగా మార్చారు, అందుకే అటూ ఇటూ ఒకే సీడ్ వేసినా పోలిక ఉండదు. ఈ ఆటకున్న జావా, బెడ్‌రాక్ అనే రెండు రూపాల మధ్య కూడా కొన్ని తేడాలుంటాయి. ఈ పద్ధతి పాతదే. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ చేసిన ‘ఎలీట్’ 32 కిలోబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 చొప్పున నక్షత్రాలు చూపించింది. అవన్నీ కొన్ని అంకెల్లోంచి అప్పటికప్పుడు పుట్టించినవే. ఇకమీదట సీడ్ రాసుకునేటప్పుడు పక్కనే వెర్షన్ అంకె, జావానా బెడ్‌రాకా అన్నది కూడా రాసుకోండి. మూడూ ఒకటైతే కొండలు, నదులు అవే వస్తాయి.